పేషీకి బద్లీ

ముత్యం ముకద్దంగా పనిచేసినన్నాళ్లూ అతని పాళీలో సాంచ ఆగిందన్న మాట లేదు. సూరత్ లింబాయత్‌లో ఎవరిని అడిగినా ఈ సంగతి చెబుతారు. అడగకపోతే ముత్యమే చెబుతాడు.

చెప్పుకోవడానికి హక్కున్న మనిషే. కోరుట్ల దిక్కు పల్లెలో ఏడో తరగతి దాకా చదివి, మీసం కూడా సరిగా రాకముందే సూరత్ బండెక్కాడు. దిగిన మర్నాడే పవర్‌లూమ్ ముందు నిలబడ్డాడు. దాన్నే మనవాళ్లు సాంచ అంటారు. కొన్నేళ్లకు ముకద్దం అయ్యాడు. పగటి పాళీకీ రాత్రి పాళీకీ మనుషుల్ని సర్ది, ఏ సాంచ ముందు ఎవడు నిలబడాలో చెప్పే పెద్దరికం అది. ఉధ్నా స్టేషన్‌లో దిగిన కొత్తవాడికి మొదటి ముద్ద ముత్యం గదిలోనే. తెలుగు బడి మూసేస్తామన్నప్పుడు పిల్లల్ని కార్పొరేషన్ ఆఫీసు మెట్ల మీద కూర్చోబెట్టి, గొంతెత్తి ఎక్కాలు చదివించి, బడిని నిలబెట్టినవాడు ముత్యం. మార్కండేయ గుడికి గంట తెచ్చింది ముత్యం. ఇక్కడ పోయినవాడి శవాన్ని ఊరికి పంపాలంటే రైల్లో జాగా ఇప్పించింది ముత్యం. కుల సంఘం హాలు గోడకు అతని ఫొటోలు వరసగా ఉంటాయి, శాలువాలు మారుతూ, మీసం తెల్లబడుతూ.

అన్నిటికన్నా అతను గొప్పగా చెప్పుకునేది బద్లీ సంగతి. ఒకడికి జ్వరం వస్తుంది, ఒకడింట్లో పెళ్లవుతుంది, ఒకడికి రాత్రి తాగింది తెల్లారినా దిగదు. సాంచకు ఇవేవీ పట్టవు. రానివాడి తావున ఇంకొకణ్ని నిలబెట్టాలి. వాడే బద్లీ. పేరు అసలువాడిదే ఉంటుంది, ఒళ్లు మాత్రం బద్లీది. సేఠ్ వచ్చి చూస్తే సాంచ నడుస్తుంటుంది, అంతే కావాలి. "ఎవ్వలు నిలవడితే ఏంది, సాంచ నడవాలె" అని ముత్యం అన్న మాట కార్ఖానాలన్నిటా సామెతయి కూర్చుంది.

ఆ బద్లీలందరిలో ముదురు సోమలింగం. ముత్యం కన్నా పదేళ్లు చిన్నవాడు, అతను రైలెక్కించి తెచ్చినవాడే. పని తెలియనివాడు కాదు. తెగిన పోగును కళ్లు మూసుకుని అతకగలడు. అయినా సొంతంగా సాంచలు ఎప్పుడూ దక్కలేదు. దక్కితే బద్లీకి ఎవరు దొరుకుతారు? అందుకని ప్రతి ముకద్దమూ అతణ్ని అలాగే ఉంచాడు. ముత్యం కూడా. పండుగొస్తే సోమలింగానికే పని ఎక్కువ. పొద్దున ఒకరి పేరు, రాత్రి ఇంకొకరి పేరు. ఏ పేరు పిలిచినా "హాజర్" అని పలికేవాడు. అతని భార్య రాజమ్మ నవ్వుతూ అనేది: "మా ఆయినెను ఇంట్ల పేరువెట్టి పిలిస్తె మాత్రం పలుకడు."

ఇక ముత్యం మేనల్లుడు లింగమూర్తి. చెల్లెలి కొడుకు, చెయ్యి చురుకు, నోరు అంతకంటే చురుకు. మూడేళ్ల కింద కార్ఖానా మాస్టరుతో మాటా మాటా పెరిగి, చేతిలో ఉన్న నాడె విసిరాడు. సాంచలో పోగును అటూ ఇటూ మోసే, ఇనుప మొన ఉన్న నాడె. మాస్టరు నుదురు చీలింది, కుట్లు పడ్డాయి, కేసయింది. కోర్టు బెయిలు ఇస్తే జామీనుకు సంతకం పెట్టింది ముత్యం. వాయిదా వాయిదాకూ ముద్దాయి రావాలి, రాకపోతే తెచ్చే పూచీ మీది అని వకీలు చదివి వినిపిస్తుంటే ముత్యం చెవిన పెట్టలేదు. "ముత్యం మాటంటె మాటే, సాబ్" అని, పల్లె బడిలో పంతులు దిద్దించిన గుండ్రటి అక్షరాలతో పేరు రాశాడు. ఆ అక్షరాలు చూసి కోర్టు గుమస్తా మెచ్చుకున్నాడని కూడా ఆ తర్వాత చాలామందికి చెప్పాడు.

కోర్టు మెట్లంటే ముత్యానికి ఒళ్లు జలదరించేది. మూల మూలకూ గుట్కా ఉమ్ములు, ఎండిపోయిన వాటి మీద పచ్చివి. మూత్రశాల వాసన వరండా దాకా వచ్చేది. ఆ వాసనలోనే జనం సద్ది విప్పుకుని తినేవారు. లింగమూర్తి వెంట వచ్చినప్పుడల్లా ముత్యం ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని నిలబడేవాడు. బంట్రోతు పేరు పిలవడం, లింగమూర్తి "హాజర్" అనడం, సాక్షి రాలేదని ఇంకో తారీఖు వేయడం. ఇంతే. ఈ పేషీకి ఒక పాళీ పోవడం.

ఆ రోజు లింగమూర్తి, తాను ముందే పోతానని, మామను నిమ్మళంగా రమ్మని కబురు పెట్టాడు. ముత్యం మెట్లెక్కి ఆయాసం తీర్చుకుంటుంటే లోపల పేరు వినబడింది.

"లింగమూర్తి!"

"హాజర్, సాబ్!"

ముత్యం చెయ్యి గోడ మీద ఆగిపోయింది. గొంతు తెలిసినదే, లింగమూర్తిది మాత్రం కాదు. గబగబా లోపలికి పోయి చూస్తే బోనులో వెనక్కి తిరిగి ఒక మనిషి. ఒంటి మీది నీలం చొక్కా లింగమూర్తిదే. చొక్కాలోని మెడ సన్నగా, దూది నూగు పట్టి, సోమలింగం మెడ.

అప్పుడే నోరు తెరవాల్సింది. తెరవలేదు. ఎప్పటిలా ఇంకో తారీఖు వేస్తారు, బయటికి పోయినంక ఇద్దర్నీ చెప్పుతో కొడతాను అనుకుని వెనక బల్ల మీద కూర్చున్నాడు.

ఆ రోజే సాక్షి వచ్చాడు. మూడేళ్లుగా రాని మాస్టరు, నుదుటి మీద మచ్చతో సహా వచ్చి నిలబడ్డాడు. నిన్ను కొట్టినవాడు ఇక్కడ ఉన్నాడా, చూపించు అన్నాడు సర్కారు వకీలు. మాస్టరు బోను వైపు చూశాడు. మళ్లీ చూశాడు. తల అడ్డంగా తిప్పాడు.

"వీడు కాదు సాబ్. వీణ్ని నేనెరుగుదును. ఏ సాంచ మీద పడితే ఆ సాంచ మీద నిలబడుతుంటాడు. నన్ను కొట్టింది వేరేవాడు."

జడ్జి గారు కళ్లద్దాలు తీసి పక్కన పెట్టారు. ఆవిడ గొంతు పెంచలేదు. నువ్వెవరని మాత్రమే హిందీలో అడిగారు. సోమలింగం చేతులు జోడించి, సేఠ్ ముందు చెప్పినట్టే, ఏ దాపరికమూ లేకుండా చెప్పాడు:

"సాబ్, మై బద్లీ హూఁ."

వకీళ్లంతా గొల్లున నవ్వారు. బంట్రోతూ నవ్వాడు. జడ్జి గారు నవ్వలేదు. సోమలింగం, తాను చెప్పినదాంట్లో నవ్వేది ఏముందో తెలియక, మర్యాదకు తానూ కొంచెం నవ్వాడు.

"జామీను ఎవరు?" అన్నారు జడ్జి గారు.

ముత్యం లేచాడు.

"మీరు పూచీ పడ్డ మనిషి ఎక్కడ?"

ముత్యం తలపాగా తీసి చేత పట్టుకున్నాడు, అంతే. లింగమూర్తి బెయిలు రద్దయింది. అతని మీద నాన్‌బెయిలబుల్ వారంటు. పూచీ సొమ్ము ఎందుకు కట్టించుకోకూడదో చెప్పుకొమ్మని ముత్యానికి నోటీసు. ఇంకొకడి పేరుకు పలికి కోర్టును మోసగించినందుకు సోమలింగం మీద కొత్త కేసు. ఇద్దరు పోలీసులు వచ్చి నీలం చొక్కా రెక్క పట్టుకున్నారు. సోమలింగం వెనక్కి తిరిగి, "అన్నా, రాత్రి పాళీకి గంగారాంకు బద్లీ ఒప్పుకున్న. జర చెప్పు" అన్నాడు.

వరండాలో వకీలు తల పట్టుకున్నాడు. "రాలేనని పొద్దున ఫోన్లో ఒక్క మాట చెప్తే, ఈ రోజుకు మినహాయింపు ఇవ్వండని అర్జీ పెట్టేవాడిని కదా, ముత్యంజీ! చిన్న దెబ్బల కేసు. జుర్మానాతో పోయేదేమో. ఇప్పుడు చూడండి. వారంటు ఉంది కనుక పోలీసులు ఎక్కడ కనబడితే అక్కడ పట్టుకుంటారు. స్టేషన్లో విడిచిపెట్టే వారంటు కాదు, జడ్జి ముందుకే తేవాలి. మీ ఊరికి పారిపోతే మీ ఊరి పోలీసులకు కాగితం పోతుంది. బెయిలు మీద ఉండి సరైన కారణం లేకుండా రాకపోవడమే ఇంకో నేరం. పాత కేసు కొట్టేసినా అది మిగులుతుంది. ఇంకా దాక్కుంటే పరారీ అని ఇంటి తలుపుకు నోటీసు అంటించి, ఉన్నది జప్తు చేస్తారు."

"మరి సోమలింగం?"

"అతని కేసులో బెయిలు ఉంది. కానీ జామీను ఎవరో ఒకరు నిలబడాలి. మీరు పనికిరారు, మీ పూచీ ఇప్పుడే పోయింది. లింగమూర్తి తనంతట తాను వచ్చి, పంపింది నేనేనని ఒప్పుకుంటే జడ్జి మెత్తబడవచ్చు. పోలీసులు పట్టి తెస్తే మాత్రం ఆ ఆశ లేదు."

మీరు పనికిరారు. ఈ మాట ముత్యాన్ని సూరత్‌లో ఎవరూ అనలేదు.

సాయంత్రం లింగమూర్తి ఇంటికి పోయాడు. అతని భార్య నీరజ తలుపు సగం తెరిచి, "ఊరికి పోయిండు మామా, వాళ్ల పెద్దమ్మకు పాణం బాగలేదంట" అంది. ముత్యం నమ్మాడు. రైలు ఎప్పుడెక్కాడు, ఎప్పుడు దిగుతాడు అని లెక్కలు కట్టుకుంటూ ఇల్లు చేరాడు.

మర్నాడు సంఘం హాల్లో పెద్దలంతా కూడారు. అధ్యక్షుడు నరహరి నడిమ కూర్చున్నాడు. ముత్యం ఫొటోలన్నీ అతని తల వెనకే ఉన్నాయి. రాజమ్మ గడప దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

"ఒక్కరు జమానత్ నిలవడాలె" అన్నాడు ముత్యం. "సోమలింగం పారిపోయేటోడు గాదు. ఎందరికి బద్లీ నిలవడ్డడు! ఈడ కూసున్న ఎవ్వలైనా, నాకు నిలవడలేదని చెప్పుండ్రి."

ఎవరూ చెప్పలేదు. ఎవరూ లేవనూ లేదు.

"అన్నా, నాకు మనసున్నది గని ఇల్లు కొడుకు పేరు మీద ఉన్నది" అన్నాడు నరహరి. "కోడలు ఒప్పుకోదు."

"మా ఆధార్ల పేరు తప్పు వడ్డది" అన్నాడొకడు.

"నాకు బీపీ ఉన్నది, కోర్టు మెట్లెక్కద్దన్నడు డాక్టరు."

"అసలు ముత్తెమన్న జమానత్ పెట్టినోడే ఎగవెట్టిండు. ఇగ మనం ఎట్ల నమ్మాలె?" అని వెనక నుంచి ఇంకెవరో అన్నారు. అన్నవాణ్ని ముత్యం గుర్తుపట్టాడు. వాడి తండ్రి చనిపోతే శవం వెంట రైల్లో కూర్చుని ఊరికి పోయింది ముత్యమే. ఆ నెలంతా వాడి సాంచలు నడిపింది సోమలింగం.

అప్పుడే చాయ్ వచ్చింది. మాటలు ఆగి చప్పరింతలు మొదలయ్యాయి. బిస్కెట్టు చాయ్‌లో ముంచి, అది విరిగి పడిపోతే వేలు పెట్టి తీసుకుంటున్న నరహరిని చూస్తూ ముత్యం నిలబడ్డాడు. ఇంతమందిని రైలెక్కించి తెచ్చింది ఇందుకా అనిపించింది. చాయ్ ముట్టలేదు.

బయట రాజమ్మ అంది: "జైలుకు పోయొచ్చిన, బావా. అన్నం తింటుండట. 'గంగారాం పాళీ ఖరాబైందా, వాడు తిట్టిండా' అని అడుగుతుండు. ఏమని చెప్పాలె?"

"తిట్టలేదని చెప్పు."

"తిట్టిండు గద."

"తెలుసు. తిట్టలేదని చెప్పు."

నాలుగు రోజులైనా లింగమూర్తి ఫోను మోగలేదు. ఊళ్లో చెల్లెలికి ఫోను చేస్తే, "పెద్దమ్మకేమైంది? మంచిగనే ఉన్నది, ఇప్పుడే బీడీలు చేసుకుంట కూసున్నది" అంది. ముత్యం చెప్పులేసుకుని మళ్లీ నీరజ దగ్గరికి పోయాడు. ఈసారి తలుపు తెరిచే ఉంది. గది సందు నుంచి మురుగు కాలువ కంపు వీస్తోంది. పొయ్యి దగ్గర నీరజ మూడు గిన్నెల టిఫిన్ సర్దుతోంది. అన్నం, పప్పు, పైన మిరపకాయ తొక్కు.

"ఈ టిఫిన్ ఎవ్వలికి బిడ్డా?"

"నాకే మామా."

"నువ్వు ఇంట్ల కూసోని టిఫిన్ల తింటవా?"

నీరజ మూత బిగించలేక బిగించలేక కింద పెట్టేసింది. "ఏం జెయ్యమంటవు మామా? ఉన్ దిక్కు కొత్త కార్ఖానా పెట్టిన్రు. ఆ రోజే కొత్త సాంచలు పంచిండ్రు. పేరు పిలిచినప్పుడు లేకుంటె వేరేటోల్లకు ఇస్తమన్నరు. మీ అల్లుడు ఆడికి పోయిండు. పేషీల ఏముంటది, 'హాజర్' అనుడే గద అన్నడు. సోమలింగం కాక వద్దన్నా బతిలాడిండు. ఇప్పుడు దోస్తు నరేశ్ వాళ్ల రూంల పంటుండు."

"అంటె ఆడ సాంచలకు తనే పోయిండు. కోర్టుకు బద్లీని తోలిండు."

"సాంచలు పోతె మల్ల రావు గద మామా! పేషీలు ఎన్నో వస్తయ్."

ముత్యం టిఫిన్ తన చేతికి తీసుకున్నాడు.

షేర్ ఆటోలో ముడుచుకుని కూర్చుని, దిగి, అడుగుతూ అడుగుతూ కార్ఖానా పట్టుకున్నాడు. లోపల అడుగుపెట్టగానే పాత వాసన. నూనె, చెమట, పోగుకు పట్టించిన గంజి. ఒకప్పుడు ఈ వాసనకు అతని ఛాతీ పొంగేది. ఈ రోజు తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. సాంచల మోతలో మాటలు వినబడవు. పెదవులు చూసి, సైగలు చూసి అర్థం చేసుకోవాలి. లింగమూర్తి తన కొత్త సాంచల మధ్య కొత్త పెళ్లికొడుకులా తిరుగుతున్నాడు. మామను చూసి ముందు బెదిరాడు, టిఫిన్ చూసి నవ్వాడు. బయటికి నడువు అని ముత్యం సైగ చేశాడు. పాళీ అయినంక అని లింగమూర్తి సైగ చేశాడు.

ముత్యం దగ్గరికి పోయి చెవిలో అరిచాడు. "సోమలింగం జైల్ల ఉన్నడు!"

"తెలుసు మామా! చిన్న కేసే గద, ఇడిసిపెడ్తరు!"

"నీ మీద వారంటు ఉన్నది!"

"సూరత్‌ల ఎంతమంది మీద లేవు! పోలీసోల్లకు ఇదే పనా? దొరికినప్పుడు సూద్దాం!"

"ఆ ముసలోడు నీ అంగి ఏసుకోని లోపల కూసున్నడుర!"

లింగమూర్తి తెగిన పోగు అతుకుతూ, తల కూడా తిప్పకుండా అరిచాడు. "నువ్వే గద మామా నేర్పింది! ఎవ్వలు నిలవడితే ఏంది, సాంచ నడవాలె!"

పక్క సాంచల వాళ్లు పెదవులు చూసి మాట అందుకుని పళ్లికిలించారు. ముత్యానికి తన సామెత, ఎవడో నమిలి తన అరచేతిలో ఉమ్మినట్టు అనిపించింది. ఒక్క క్షణం అరచెయ్యి పంచెకు తుడుచుకున్నాడు కూడా.

తర్వాత ఆ చేత్తోనే సాంచ మీట లాగాడు.

సాంచ గొణుక్కుంటూ ఆగింది. పక్కదీ లాగాడు. ఆ పక్కదీ. ఆ వరసలో మోత ఒక్కొక్కటే చచ్చిపోతుంటే చుట్టూ జనం తలలు తిప్పారు. మనవాళ్లలో ఆ ముసలాయన ఎవరో తెలిసినవాళ్లు నోళ్లు తెరుచుకుని చూశారు. తన పాళీలో సాంచ ఆగనివ్వని ముత్యం, పరాయి కార్ఖానాలో, సొంత అల్లుడి సాంచలు ఆపుతున్నాడు. సూపర్‌వైజర్ కేకలేస్తూ పరుగెత్తుకొచ్చాడు.

"ఇప్పుడు వినవడ్తుందా?" అన్నాడు ముత్యం. ఆ వరసలో ఇప్పుడు గొంతు పెంచాల్సిన పని లేదు. "నేను నీ జమానత్ దిగుతున్న. కోర్టుకు పోయి, నువ్వు ఈడ ఉన్నవని, ఎవ్వని రూంల పంటున్నవని, నీ పెండ్లం ఎప్పుడు టిఫిన్ తెస్తదని చెప్త. పోలీసోల్లకు పని లేదన్నవ్ గద, పని చూపెడ్త. వాల్లు వచ్చి ఈడనే, గిందరి ముందట రెక్కలు ఇరిసి కట్టి తీస్కపోతె మంచిగుంటదా, నీ కాల్లతోని నువ్వు నడిసొస్తె మంచిగుంటదా? సోంచాయించుకో."

"మామా, గీ సాంచలు పోతయే!"

"పోనీ."

"నా బతుకు పోతదే!"

"ముసలోని బతుకు పోతుంటె నీకు మిరపకాయ తొక్కు దిగింది గదరా గొంతుల! థూ!"

లింగమూర్తి చుట్టూ చూశాడు. ఇందాక పళ్లికిలించినవాళ్లు ఇప్పుడు తలలు వంచుకుని పోగులు చూసుకుంటున్నారు. ఎవరూ ఒక్క మాట సాయం రాలేదు. సూపర్‌వైజర్ "వారంట్? కైసా వారంట్?" అని అడగడం మొదలుపెట్టాడు. లింగమూర్తి మెడలోని తువ్వాలు తీసి మొఖం తుడుచుకుని, మామ వెంట నడిచాడు. టిఫిన్ కార్ఖానా గడప మీదే మిగిలిపోయింది.

మర్నాడు పొద్దున్నే వకీలుతో కలిసి జడ్జి ముందు నిలబడ్డారు. లింగమూర్తి తల వంచుకుని, పంపింది నేనేనని ఒప్పుకున్నాడు. వారంటు ఎత్తేయమని వకీలు బతిమాలాడు. జడ్జి గారు లింగమూర్తిని ఎగాదిగా చూశారు. నిన్ను రమ్మన్న రోజున ఎక్కడికి పోయావని అడిగారు. పనికి పోయాను సాబ్ అన్నాడు. కోర్టుకు మాత్రం అద్దె మనిషిని పంపావా అని, ఆవిడ ఇంకేమీ అడగలేదు. వారంటు ఎత్తలేదు, కొత్త బెయిలూ ఇవ్వలేదు. తనంతట తాను వచ్చాడని కాగితం మీద రాయించి జైలుకు పంపారు. బెయిలు మాట వచ్చే తారీఖుకు చూస్తామన్నారు. రాకపోవడం మీద వేరే కేసు ఉండనే ఉంది. ముత్యం పూచీ సొమ్ము కట్టక తప్పదని తేలింది.

మెట్ల మీద నీరజ, ఎంగిలి ఉమ్ముల మధ్యే కూలబడి, అందరూ వినేలా శాపనార్థాలు పెట్టింది. "సొంత అల్లుని జైలుకు పట్టిచ్చినవ్! గీ శాలువలు కప్పుకునేటందుకేనా? నీ ఇంట్ల దీపం ఆరిపోను!" ముత్యం ఆమెను తప్పించుకుని దిగాడు. ఆమె మీద కోపం రాలేదు. అసహ్యమే వచ్చింది, ఆమె మీదా, అల్లుడి మీదా, ఆ మెట్ల మీదా, తన గుండ్రటి సంతకం మీదా.

సోమలింగాన్ని విడవడానికి అప్పటికీ జామీను దొరకలేదు. చివరికి వకీలే దారి చూపాడు. బెయిలు దొరికే కేసులో వారం దాటినా జామీను తెచ్చుకోలేనివాణ్ని దిక్కులేని బీదవాడిగా లెక్కగట్టి, సొంత పూచీకత్తు మీద విడవవచ్చునని చట్టంలోనే ఉందట. లింగమూర్తి ఒప్పుకోలు చూసి జడ్జి గారూ సరేనన్నారు. ఉత్తర్వు చదివి వకీలు హిందీలో చెబుతుంటే ముత్యం రెండోసారి చెప్పమన్నాడు. ఇతనికి పూచీ పడేవారు ఎవరూ లేరు. అలా రాశారట. ఇంత కులం, ఇంత సంఘం, గుడి గంట, గోడ నిండా ఫొటోలు. వీటన్నిటి మధ్య సోమలింగానికి ఎవరూ లేరని కోర్టు ముద్ర కొట్టి మరీ రాసింది.

జైలు గేటు దగ్గర సోమలింగం అదే నీలం చొక్కాతో బయటికొచ్చాడు. కాలరు నల్లగా జిడ్డు పట్టింది. రాజమ్మ ఏడుస్తూ రెక్క పట్టుకుంటే, "ఏడువకు, అందరు చూస్తున్నరు" అన్నాడు. ముత్యాన్ని చూసి ఎప్పటిలాగే చేతులు జోడించాడు.

"అన్నా, లింగమూర్తి సాంచలు ఖాళీగ నిలవడ్డయట గద?"

"ఎవ్వడు చెప్పిండు?"

"లోపల మనోల్లే ఒకలిద్దరు ఉన్నరు. పోదునా? సూపర్‌వైజర్ బద్లీ కోసం చూస్తుండు గావచ్చు."

ముత్యం పక్కకు తిరిగి ఉమ్మాడు. "నీకు సిగ్గులేదార సోమలింగం? వాని పేరు మీద జైల్ల కూసొని వచ్చినవ్. మల్ల వాని పేరు మీదనే నిలవడ్తవా?"

"సిగ్గున్నదన్నా. ఇంట్ల బియ్యం లేవు."

"మొదలు ఆ అంగి ఇడువు" అన్నాడు ముత్యం.

మర్నాడు పగటి పాళీకి ఇద్దరూ ఉన్‌కు పోయారు. సోమలింగం తన పాత తెల్ల బనీను వేసుకున్నాడు. గేటు దగ్గర సూపర్‌వైజర్ పేర్లు పిలుస్తున్నాడు.

"లింగమూర్తి!"

సోమలింగం గొంతు కదిలింది. నలభై ఏళ్ల అలవాటు, నోటి దాకా వచ్చింది. అతను ముత్యం వైపు చూశాడు. ముత్యం చూపు తిప్పుకోలేదు.

"లింగమూర్తి! హై క్యా?"

"లింగమూర్తి నహీఁ హై, సాబ్" అన్నాడు సోమలింగం. "జేల్ మే హై. మై సోమలింగం."

సూపర్‌వైజర్ తల ఎత్తకుండానే, "ఠీక్ హై, లింగమూర్తి కా బద్లీ. చల్, అందర్" అన్నాడు.

"బద్లీ నహీఁ" అని ముత్యం ముందుకొచ్చాడు. "నామ్ లిఖో."

సూపర్‌వైజర్ తల ఎత్తాడు. మొన్న సాంచలు ఆపిన ముసలాయన. చుట్టూ పాళీకి వచ్చిన జనం, లోపల నడవాల్సిన సాంచలు. వీడితో పెట్టుకుంటే మళ్లీ ఏ మీట లాగుతాడో అనుకున్నాడేమో, విసుక్కుంటూ లింగమూర్తి పేరు అడ్డంగా కొట్టి పక్కన ఇంకో పేరు గీకాడు. సరిగా రాశాడో లేదో ముత్యానికి తెలియదు, అది గుజరాతీ. సోమలింగాన్ని అడిగితే వాడికి ఏ లిపీ రాదు.

"రాసిండన్నా, పొడుగ్గనే రాసిండు" అన్నాడు సోమలింగం, లోపలికి పోతూ.

ముత్యం బయట చాయ్ బండి దగ్గర నిలబడి, నోట్లో చేరిన దూది ఉమ్ముతున్నాడు. ఎంత ఉమ్మినా పోవడం లేదు. జేబులో ఫోను మోగింది. నరహరి.

"అన్నా, అందరం మాట్లాడుకున్నం. కులం ఇజ్జత్ కాపాడినవ్, సొంత అల్లుడని చూడకుంట కోర్టుకు ఒప్పజెప్పినవ్. ఐతారం నాడు హాల్ల నీకు శాలువ కప్పుదామంటున్నరు. ఫొటో గూడ మాట్లాడినం."

ముత్యం నాలుక మీది దూది పోగును వేళ్లతో లాగి పారేశాడు.

"నాకు తీరదు, నరహరీ" అన్నాడు. "బద్లీని తోల్త. వానికి కప్పుండ్రి."